ఇత్తడి బిళ్ళకు పెద్దపీట

చికావుంగ్ ఊరి మసీదు వాకిట్లో ఒక మూల ఇత్తడి బిళ్ళ ఉంది. దాని పక్కనుంచి వెళ్లేవాళ్లు నడుం కాస్త వంచి, కుడిచేయి కిందికి చాపి, "పుంతెన్" అని గొణిగి మరీ వెళ్తారు. పెద్దవాళ్ల ముందునుంచి నడవాల్సి వస్తే ఆ కొండల్లో అనే మాట అది, కాస్త దారి ఇప్పించండి అని. బిళ్ళకు వినబడుతుందా అని అడిగితే ఆ ఊళ్లో ఎవరూ జవాబు చెప్పరు. మర్యాదకు కారణం అడిగేవాణ్ని వాళ్లు మర్యాదస్తుల్లో కలపరు, నన్నడిగితే అది సబబే.

ఆ బిళ్ళను సిమెంటు దిమ్మెలో బిగించి అక్కడ పాతింది ఇమాస్. బాండుంగ్ కాలేజీలో భూమి లోపలి సంగతులు పాఠం చెప్పే మనిషి. నలభై దాటింది, మాట తక్కువ, మొహంలో ఏదీ కనబడనివ్వదు. ఊరిపైన కావుంగ్ కొండ ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉంటుంది. ఆ కొండ పక్కల్లో కంపెనీ ఆవిరి బావులు తవ్వి కరెంటు తీస్తోంది. బావులు వచ్చాక ఊరి మధ్య వెదురుగొట్టంలోంచి పడే వేడినీళ్ల ధార సన్నబడింది. వేడీ తగ్గింది.

మీ బావులే మా నీళ్లు తాగేస్తున్నాయని ఊరు. వానలు తగ్గాయి, మేమేం చేస్తాం అని కంపెనీ. తిట్టుకుని తిట్టుకుని చివరికి ఇద్దరూ ఇమాస్ ముందు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె ఏటా వానలు వెనకబట్టాక తన పెట్టె తెచ్చి ఊళ్లో ఈ బిళ్ళమీదా, చుట్టూ పాతిన మిగతా బిళ్ళలమీదా పెట్టి కొలుస్తుంది. ఊరి కిందనుంచి నీళ్లు పోతున్నాయని పెట్టె చెబితే, తేయాకు తోట వెనక బావిని కంపెనీ మూసేస్తుంది. చెప్పకపోతే ఊరు నోరు మూసుకుంటుంది.

పెట్టెలో సన్నని స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. కింద భూమి నిండుగా ఉంటే ఆ బరువును వెంట్రుకవాసి ఎక్కువ లాగుతుంది. నీళ్లు వెళ్లిపోయి భూమి తేలికయితే వెంట్రుకవాసి తక్కువ లాగుతుంది. ఆ వెంట్రుకవాసి కోసమే ఈ తిప్పలన్నీ. ఎవరైనా పక్కన గట్టిగా అడుగేసినా అంకె ఊగుతుంది. అందుకే పెట్టె బిళ్ళమీద కూర్చున్నంతసేపూ టీకొట్టు కోకోమక్క కోళ్లను గంపకింద మూసేది, పిల్లలు గోడెక్కి నోటికి చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లు.

పెట్టెను మోసేది మాంగ్ ఓయో. జీపు నడిపేదీ అతనే. ఇమాస్‌కు బాబాయి వరస కలుపుకున్నాడు. పెట్టెను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టి, దారిలో గుంట వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి, "ఏం కాలేదు తల్లీ, పడుకో" అంటాడు.

"సొంత మనవరాల్ని కూడా ఇంత జాగ్రత్తగా తీసుకురాలేదు నువ్వు" అంటుంది ఇమాస్.

"మనవరాలు పడితే ఏడుస్తుంది, తెలుస్తుంది. ఇది ఏడవదు, లోపల్లోపలే పాడైపోతుంది. నీలాగే" అంటాడతను.

ఆ ఏడు వాళ్లు వచ్చేసరికి మసీదు వాకిలి కొత్తగా ఉంది. ఎర్రమట్టి నేల పోయి తెల్ల టైల్సు వచ్చాయి. ఉపవాసాల నెలకు ముందు ఊరంతా కలిసి వేసుకున్నారట. ఇదివరకు మట్టిలోంచి పైకి పొడుచుకుని ఉండే దిమ్మె ఇప్పుడు టైల్సుతో సమంగా ఉంది. బిళ్ళ మాత్రం చింతపండు పెట్టి తోమిన చెంబులా మెరిసిపోతోంది. నేల ఎదిగి బిళ్ళను అందుకుందన్నమాట అనుకుంది ఇమాస్. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. చూసినవాళ్లెవరైనా అదే అనుకుంటారు.

పెట్టె పెట్టింది. అంకె చూసింది. మళ్లీ చూసింది. మాంగ్ ఓయో గొడుగుతో నీడ పట్టి ఊపిరి బిగబట్టాడు. ఆమె పెట్టెను తీసి, మళ్లీ పెట్టి, మట్టం సరిచేసి ఇంకోసారి చూసింది. అంకె పడింది. వెంట్రుకవాసి కాదు, బాగా పడింది.

ఇమాస్ నేలమీద చతికిలబడింది. మొహంలో ఏదీ కనబడనివ్వని మనిషి ఆ రోజు నవ్వింది.

కానీ అడగాల్సింది అడగాలి కదా. మసీదు చూసుకునే అబా జుహానా చీపురు పట్టుకుని వచ్చాడు. ఊరికంతటికీ తాతలాంటివాడు, తలమీద నల్లటోపీ వంకర పోనివ్వడు. ఇమాస్‌ను నెంగ్ అంటాడు, అమ్మాయీ అని.

"అబా, ఈ ఏడు ఈ బిళ్ళను ఎవరైనా కదిపారా?"

"ఎవరికున్నాయమ్మా అంత గుండెలు?" ముసలాయన నొచ్చుకున్నాడు. "ఉన్నచోటే ఉంది. నువ్వు పెట్టిన మూలే అది. వేలెడు పక్కకు జరిగితే నన్నడుగు."

"కోప్పడకండి. అడగడం నా పని."

"అడుగు నెంగ్, అడుగు. కూతురు అడిగితే కోపమా? ఇంతకీ పెట్టె ఏమంటోంది?"

చెప్పకూడదు. ఆఫీసులో అందరి ముందూ చెప్పాల్సిన మాట అది. కానీ ఏళ్ల తరబడి ప్రతిసారీ ఆ ముసలాయన ఇదే అడగడం, ఈమె "తేడా లేదు అబా" అనడం, ఆయన తలూపి టీ తెప్పించడం. ఈసారి ఆపుకోలేకపోయింది.

"తగ్గింది" అంది.

ఆ ఒక్కమాట ఊరంతా తిరిగి రావడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. బిళ్ళల ఎత్తులు కొలిచే సర్వే జట్టు ఏడాది విడిచి ఏడాది వస్తుంది, ఈ ఏడు వాళ్ల వంతు కాదు. అది వచ్చాక చూద్దాం అని ఆమె అనుకోవాల్సింది. చుట్టూ కొండలమీద, తోటల్లో ఉన్న మిగతా బిళ్ళలన్నీ మామూలుగా ఉన్నాయి, ఇదొక్కటే ఎందుకు పడింది అని కూడా అనుకోవాల్సింది. అనుకోలేదు. తను కోరుకున్న జవాబు వచ్చినప్పుడు చదువుకున్నవాళ్లయినా, చదువుకోనివాళ్లయినా ప్రశ్నను మడిచి పక్కన పెట్టేస్తారు.

మర్నాడు మధ్యాహ్నం మసీదు అరుగు పొడవునా అరిటాకులు పరిచారు. వాటిమీద కొబ్బరిపాలలో ఉడికిన అన్నం వేడివేడిగా గుమ్మరించారు. ఉప్పుచేప, వేయించిన టెంపే సోయా ముక్కలు, పచ్చి వంకాయ ముక్కలు, కళ్లలో నీళ్లు తెప్పించే ఎర్రకారం. ఎవరి ముందున్నది వాళ్లు తినడమే, మధ్యలో గీతలుండవు. ఆ మర్నాడే ఊరి ఆఫీసులో కంపెనీ వాళ్ల ముందు ఇమాస్ తన మాట చెప్పాలి. ఇవాళ్టి భోజనం ఆమె కోసమే.

"ఎంత తిన్నా ఎముకలే కనబడుతున్నాయి నీకు" అని కోకోమక్క ఆమె ముందుకు చేప తోసింది. "ఊరి దరిద్రం వదిలించావు. నీకు కాదు, ఆ బిళ్ళకు పెట్టాలసలు చేప."

"బిళ్ళకు లోటేం చేశాం?" అబా జుహానా కారం అద్దుకుంటూ అన్నాడు. "దానికి చేయాల్సిన మర్యాద చేశాం కాబట్టే ఇవాళ మనవైపు మాట్లాడింది. పెద్దపీట వేశాం మరి."

"ఏం మర్యాద?" ఇమాస్ ఊరికే అడిగింది.

"వాకిలి ఎత్తు పెంచాం కదమ్మా, వాననీళ్లు లోపలికి రాకుండా. పెంచితే నీ బిళ్ళ గుంటలో పడిపోయేది. అందరి కాళ్ల కింద! అంత పెద్దమనిషిని గుంటలో కూర్చోబెడతామా? పలుగులు వేసి దిమ్మె లేపాం. ముందు పుంతెన్ చెప్పుకున్నాం, సలాం కూడా చెప్పాను. కింద ఒక ఇటుక పెట్టి, అదే చోట, మట్టం చూసి మరీ కూర్చోబెట్టాం. ఓయో, నిన్న నువ్వూ చూశావు కదా, వంకర లేదు కదా?"

మాంగ్ ఓయో నములుతున్నవాడల్లా ఆగాడు.

"కదపలేదన్నారు కదా అబా?" ఇమాస్ గొంతు చిన్నగా వచ్చింది.

"కదపలేదమ్మా" అన్నాడు ముసలాయన, అంత మాత్రం తెలీదా అన్నట్టు. "వేంచేయించాం."

ఇమాస్ చేతిలోని ముద్దను తిరిగి ఆకుమీద పెట్టేసింది. భూమినుంచి ఎంత పైకి వెళ్తే భూమి అంత తక్కువగా లాగుతుంది. కింద నీళ్లు పోయినా అంకె పడుతుంది, పెట్టెను ఎత్తులో కూర్చోబెట్టినా అంకె పడుతుంది. రెంటికీ ఒకటే లక్షణం. ఒక ఇటుక ఎత్తు ఎంతో మనసులో లెక్క కట్టింది. పడిన అంకె దాదాపు అంతే.

ఆమె చుట్టూ చూసింది. అందరూ తింటున్నారు, నవ్వుతున్నారు. ఈ ఊళ్లో ఆ ఇటుక ఏం చేసిందో తెలిసినవాళ్లు ఇద్దరే. తను, తన డ్రైవరు. కంపెనీ వాళ్లకు టైల్సు సంగతే తెలియదు. సిగ్గూ, కోపమూ, జాలీ ఒకేసారి వచ్చాయి. కోపం ఎవరిమీదో తెలియలేదు. మర్యాద చేసినవాళ్లమీద కోపం ఎలా వస్తుంది?

జీపు దగ్గర మాంగ్ ఓయో పెట్టెకు బెల్టు కడుతూ తల తిప్పకుండా అన్నాడు. "నేను డ్రైవర్ని నెంగ్. ఆయన చెప్పేటప్పుడు చేప ముల్లు తీసుకుంటున్నా. నాకేం వినబడలేదు."

"మాంగ్..."

"వచ్చే ఏడు ఎత్తులు కొలిచేవాళ్లు వచ్చేదాకా ఎవరికీ తెలీదు. ఆ ఏడాదీ బావి మూతబడి ఉంటుంది. నీళ్లు తిరిగొస్తే వచ్చినట్టే, లేకపోతే లేదు. ఎవరికి నష్టం? కంపెనీకి ఒక బావి. వాళ్లకున్నవి బోలెడు."

అతను మంచికోసమే అన్నాడు. అందుకే ఆ మాట వదిలించుకోవడం కష్టమైంది. ఇమాస్ ధార వైపు నడిచింది.

వెదురుగొట్టం కింద ఎమా ఓనీ కూర్చుని ఉంది. అబా జుహానా భార్య. లుంగీ మోకాళ్లదాకా మడిచి, సన్నటి ధార కింద మోకాళ్లు పెట్టుకుని, అటూ ఇటూ జరుగుతోంది. ఒకప్పుడు ఆ ధార కింద ఇద్దరు ముగ్గురు కూర్చున్నా చాలేది. చలికాలం తెల్లవారుజామున ఊరంతా అక్కడే నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడిగి వజూ చేసుకునేవాళ్లు, ఆవిర్లో ఎవరు ఎవరో కనబడేవాళ్లు కాదు.

ఇమాస్ చేయి పెట్టి చూసింది. గోరువెచ్చన అనడానికి కూడా మొహమాటపడాలి.

"బావి మూస్తే ఎన్నాళ్లకు వస్తుందమ్మా వేడి?" ఎమా అడిగింది.

"చెప్పలేను ఎమా."

"వస్తుందిలే. ఎప్పుడొస్తుందో తెలీకపోతేనేం, వస్తుందని తెలిస్తే మోకాళ్లు ఓర్చుకుంటాయి." నవ్వింది. ఆ నవ్వు చూస్తుంటే ఇమాస్‌కు ఏడుపొచ్చింది.

ఆమెకు ఊరిమీద ప్రేమ ఉంది. అది అబద్ధం కాదు. కానీ పెట్టె ఎవరివైపూ మాట్లాడదని ఇన్నేళ్లుగా వీళ్లకు చెప్పింది తనే. తేడా లేదని తను అన్నప్పుడల్లా వీళ్లు కంపెనీని తిట్టుకున్నారు గానీ తనను ఒక్కమాట అనలేదు. నమ్మారు. ఇప్పుడు ఆ నమ్మకాన్ని ఇటుకమీద నిలబెట్టాలి. రేపు నిజం బయటపడితే, ఆ తర్వాత నీళ్లు నిజంగా పోతున్నా ఈ ఊరి మాట ఎవడు వింటాడు?

పొద్దు వాలే వేళకు పెట్టె దింపించి మసీదు వాకిట్లోకి తెచ్చింది. అబా జుహానా ఒక్కడే ఉన్నాడు, వాడిన ఆకులు ఊడుస్తూ.

"ఒకటి చూపిస్తాను, రండి" అంది.

పెట్టెను టైల్సుమీద పెట్టి అంకె చూపించింది. తర్వాత మిగిలిపోయిన ఇటుకలు తెచ్చి, పక్కపక్కన పేర్చి, వాటిమీద పెట్టెను పెట్టి మళ్లీ చూపించింది. ముసలాయన కళ్లద్దాలు సరిచేసుకుని వంగి చూశాడు. చదువు తక్కువే గానీ అంకెలు పోల్చుకోవడం ఎవరికైనా వస్తుంది.

"తగ్గిందే!"

"తగ్గింది. ఇప్పుడీ ఇటుక సందులోంచి నీళ్లేమైనా పోయాయా?"

ఆయన టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే నీళ్లు పోలేదా?"

"పోయాయో లేదో తెలియదు. ఇటుక ఎత్తు తీసేస్తే కొంచెం మిగులుతోంది. అది నీళ్లే కావచ్చు, నా చేతి వణుకూ కావచ్చు. ఇంత కొంచాన్ని పట్టుకుని పోయాయని అనలేను."

"ఎవరికి చెప్పావు?"

"మీకే."

"చెప్పకపోతే?"

"రేపు బావి మూస్తారు."

అబా జుహానా అరుగుమీద కూలబడ్డాడు. అక్కణ్నుంచి ధార కనబడుతుంది. ఎమా ఇంకా అక్కడే ఉంది, మోకాళ్లు తుడుచుకుంటోంది.

"అన్నం దగ్గర ఈ నోరు మూసుకుని తిన్నా బాగుండేది" అన్నాడు. "ముసలోణ్ని నడిగుంటలో పడేశావు నెంగ్."

"నేనూ అందులోనే ఉన్నాను అబా. రేపు నేను చెప్తాను, మీ పేరు రాకుండా."

"నా పేరు రాకుండా ఎలా చెప్తావు? బిళ్ళ తనంతట తనే పీటెక్కిందా?" ఆయన చీపురు గోడకు ఆనించాడు. "పుంతెన్ చెప్పి మరీ కూర్చోబెట్టాను దాన్ని. మర్యాదగా కూర్చోబెట్టి దానిచేత అబద్ధం చెప్పిస్తే, ఇంక నేను చేసింది మర్యాద ఎలా అవుతుంది? లేపింది నేను. చెప్పేదీ నేనే."

చెప్పాడు. ఊరి ఆఫీసులో, కంపెనీ చొక్కాల ముందు, నిలబడి, టోపీ వంకర లేకుండా. పలుగులు, ఇటుక, పుంతెన్, అన్నీ. వెనక బెంచీల్లో ఊరు ఊరంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. కోకోమక్క ఆపుకోలేకపోయింది.

"నీ నోట్లో మన్ను కొట్టా! ఒక్కరోజు ఆగలేకపోయావా తాతా?"

"ఆగితే వంకాయ అరిగేది, ఇది అరిగేది కాదు" అన్నాడు ముసలాయన.

కంపెనీ కుర్ర ఇంజనీరు పళ్లు బయటపెట్టాడు. "అయితే తేలిపోయినట్టేగా మేడం. నీళ్లు పోవడం లేదు."

"తేలలేదు" అంది ఇమాస్. "తెలియదు అన్నాను. తెలియదంటే లేదని కాదు. కొత్త ఎత్తుమీద ఈ ఏటి అంకె ఉంది. లెక్క ఇక్కణ్నుంచి మళ్లీ మొదలు. ఒప్పందం అలాగే ఉంటుంది, వచ్చే ఏడు వస్తాను." ఆమె గొంతు పెద్దదేమీ కాదు, కానీ కుర్రాడి పళ్లు లోపలికి వెళ్లిపోయాయి.

బావి మూయలేదు. ఆ చలికాలమంతా అబా జుహానా కట్టెలపొయ్యిమీద నీళ్లు కాచి భార్య మోకాళ్లకు పోశాడని మాంగ్ ఓయో ఎవరిద్వారానో విని ఇమాస్ చెవిన వేశాడు. ఆమె ఆ వారం పాఠం మధ్యలో రెండుసార్లు మాట మరిచిపోయింది.

మళ్లీ వానలు వెనకబట్టాయి. జీపు మసీదు ముందు ఆగేసరికి అబా జుహానా ఎదురొచ్చి, సలాం కూడా చెప్పకముందే మొదలుపెట్టాడు.

"కదపలేదు. జరపలేదు. లేపలేదు, దించలేదు. వేంచేయించలేదు. చుట్టుపక్కల మట్టి పోయలేదు, తీయలేదు. చీపురు కూడా తగలనివ్వలేదు. ఇంకేమైనా మాట మిగిలితే నువ్వే చెప్పు నెంగ్, దానికీ లేదనే చెప్తాను."

ఇమాస్ నవ్వబోయి బిళ్ళను చూసి ఆగిపోయింది. చుట్టూ వాకిలంతా అద్దంలా ఉంది. ఆ ఒక్క మూల మాత్రం ఎండుటాకులు పేరుకుపోయాయి. బిళ్ళ పచ్చగా చిలుముపట్టింది, మీద పిట్టల రెట్టలు ఎండి ఉన్నాయి. రోజూ వాకిలి రెండుసార్లు ఊడ్చే మనిషి, ఏడాదిపాటు దాని జోలికి వెళ్లకుండా చేతులు కట్టుకుని ఉన్నాడు. ఇంటి ముందు పెద్దమనిషి మురికిలో కూర్చుని ఉంటే చూస్తూ ఉన్నాడు. అది ఆయనకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు. కళ్లు తడిసినా తుడుచుకోలేదు.

ఎత్తులు కొలిచే జట్టు అంతకుముందు వారమే వచ్చి వెళ్లింది. పాత లెక్కకు ఆ ఇటుకంత తప్ప బిళ్ళ ఎత్తులో వేరే తేడా లేదు. కోకోమక్క కోళ్లను మూసింది. పిల్లలు గోడెక్కారు. ఇమాస్ పెట్టె పెట్టి చూసింది, తీసి మళ్లీ పెట్టి చూసింది. మధ్యాహ్నం వచ్చి ఇంకోసారి చూసింది. కొండమీది బిళ్ళలకు వెళ్లి, తిరిగొచ్చి, మర్నాడు మళ్లీ చూసింది. ఈసారి ప్రశ్నను మడిచి పక్కన పెట్టలేదు.

చివరికి అబా జుహానా పక్కన అరుగుమీద కూర్చుంది.

"తగ్గింది" అంది.

"ఇటుకా?"

"ఇటుక కాదు. నీళ్లే. ఊరి కిందనుంచి, తోట వైపు. తోట అంచు బిళ్ళ కూడా అదే చెబుతోంది. రేపు ఆఫీసులో చెప్తాను, బావి మూస్తారు. మూయక తప్పదు."

ఆమె ఎదురుచూసింది ఒక కేక, ఒక నవ్వు. ముసలాయన ధార వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊరంతా కోరుకున్న మాట అదే. వినేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"అంటే నిజంగానే పోతున్నాయన్నమాట" అన్నాడు మెల్లగా. "అరిచాం గానీ నెంగ్, లోపలెక్కడో వానల వల్లే అయ్యుంటే బాగుండుననే అనుకునేవాణ్ని."

ఆమె ఆయన చేయి పట్టుకుంది. మాంగ్ ఓయో పెట్టెకు బెల్టు కట్టి, జీపు ఎక్కకుండా దూరంగా నిలబడ్డాడు.

తర్వాత అబా జుహానా లేచి, ధార దగ్గరికి వెళ్లి, కొబ్బరిచిప్పతో నీళ్లు పట్టుకొచ్చాడు. బిళ్ళ ముందు నడుం వంచి ఆగిపోయాడు. ఇమాస్ వైపు తిరిగాడు.

"ఇప్పుడు తుడవచ్చా?" అని అడిగాడు.